పోలిషు దీర్ఘపదములు: అక్షరస్వరూపము, పదనిష్పత్తి చరిత్ర

పోలిషు భాషను మొదటిసారి ముద్రితరూపమున చూచినవారికి రెండు విశేషములు వెంటనే కానవచ్చును. హల్లుల దట్టమైన గుంపు లొకటి. మిక్కిలి పొడవైన పదములు రెండవది. ఈ రెండింటిని ఒక్క గుణముగ భావించి, పదమెంత పొడవైన దాని ఉచ్చారణ మంత కఠినమని తలచుట సహజమే. కాని ఆ భాషయొక్క చరిత్రను పరిశీలించినచో ఈ భావన నిలువజాలదు. హల్లుల గుంపులకు కారణమైన మార్పు వేరు, పదముల దైర్ఘ్యమునకు కారణమైన వ్యాపారము వేరు. మొదటిది సుమారు 10వ శతాబ్దినుండి 12వ శతాబ్దివరకు జరిగిన ధ్వనిపరిణామము. రెండవది ప్రత్యయములచే పదములను పెంచుకొను పద్ధతి. ఇది నేటికిని సాగుచున్నది. మొదటిదాని గాయములు పొట్టి పదములయందే ఎక్కువగ కనబడును. పొడవైన పదములు ఇంచుమించుగ మన అజంతపదములవలె సులభముగ నడచును. ఈ విషయమును నిరూపించుటయే మా ప్రయత్నము.

పరిభాషను గూర్చి ఒక మాట. అక్షరమనునది ఇచట ఛందశ్శాస్త్రమున వాడెడి అర్థమున, అనగా ఒక అచ్చును దాని నాశ్రయించిన హల్లులును కలిసిన ఉచ్చారణఖండమను అర్థమున వాడబడినది. రోమను లిపిలోని గుర్తులను లిపిచిహ్నములని పేర్కొందుము. పోలిషులో మన దంత్య చకారమునకు సరియైన ధ్వని యొకటి కలదు. దానిని ౘ అని వ్రాసితిమి. నాదయుక్తములైన ఊష్మములకు మన లిపిలో గుర్తులు లేవు గాన ఝకారమును సంకేతముగ గ్రహించితిమి. పోలిషులో రెండు అనునాసికాచ్చులు కలవు. వీనికి మన అరసున్న చక్కగ నుపకరించినది. వకారములలోని భేదమును, పదాంతమున నాదహల్లులు శ్వాసములగుటను, అట్టి మరికొన్ని సూక్ష్మములను చూపలేదు.

మొదట లిపి కలిగించు భ్రాంతిని తొలగించుకొనవలసియున్నది. తూర్పు పోలండులో ష్చెబ్ఝెషిన్ అను పట్టణము కలదు. యాన్ బ్ఝెహ్వ అను కవి పిల్లలకొరకు వ్రాసిన తుమ్మెదపురుగు పద్యము వలన ఆ పేరు నాలుక తిరుగని పదముగ దేశమంతట ప్రసిద్ధికెక్కినది. రోమను లిపిలో దీనికి 13 చిహ్నములు. ధ్వనులు 9 మాత్రమే. అక్షరములు మూడు: ష్చె, బ్ఝె, షిన్. లాటిను భాషకై ఏర్పడిన లిపిలో తాలవ్యోష్మములకు గుర్తులు లేకపోవుటచే ఒక్కొక్క ధ్వనికి రెండేసి చిహ్నములు వాడవలసివచ్చెను. ఈ చిక్కును తీర్చుటకై క్రాకూ విశ్వవిద్యాలయమునకు రెక్టరుగ నుండిన యాకుబ్ పర్కొషొవిౘ్ 1440 ప్రాంతమున లాటినులో ఒక లిపిగ్రంథమును రచించెను. 1514 ప్రాంతమున స్తనిస్వవ్ ఝబొరొవ్స్కి చిహ్నములపై చుక్కలను, గీతలను ఉంచు పద్ధతిని ప్రతిపాదించెను. తుదకు స్థిరపడిన వ్రాతలో ఈ రెండు మార్గములును కలిసియున్నవి. కొన్ని ధ్వనులకు జంటచిహ్నములు, కొన్నిటికి చుక్కలు, గీతలు. కావున లిపిచిహ్నములను లెక్కించి పదము ఇంత పొడవని చెప్పుట శాస్త్రీయము కాదు. అక్షరమే ప్రమాణముగ వ్రాసెడి లిపికి అలవాటుపడిన మనకు ఈ విషయము సులభముగనే బోధపడును.

ఇక హల్లుల గుంపుల చరిత్ర. పోలిషు, చెకు, రష్యను, బల్గేరియను మున్నగు భాషలకెల్ల తల్లియైన మూలస్లావుభాష తన చివరి దశలో పూర్తిగ అజంతాక్షరముల భాష. ప్రతి అక్షరమును అచ్చుతో ముగియవలెనను నియమము దానియందు ప్రబలముగ నుండెను. ఈ నియమమునకు లోబడని అక్షరములను ఆ భాష పలువిధముల సవరించుకొనెను. పదాంతహల్లులు లోపించినవి, అచ్చు తరువాతి అనునాసికము ఆ అచ్చులో లీనమై అనునాసికాచ్చుగ మారినది. రేఫలకారములు అచ్చుతో స్థానము మార్చుకొన్నవి. ఉదాహరణమునకు కోటకు పూర్వరూపము గొర్దు. అందు గొర్ అను హలంతాక్షరముండుటచే పోలిషులో అది గ్రొదు అయి, తరువాత గ్రుద్ ఐనది. పాలకు మెల్కొ అనునది మ్లెకొ ఐనది. తమిళ మరమ్ శబ్దముతో మన మ్రాను పదమును పోల్చి చదివిన విద్యార్థికి ఈ వర్ణవ్యత్యయము క్రొత్తగ తోచదు. కారణములు వేరైనను ఫలము ఒక్కటియే: పదాదిని రేఫసంయుక్తము. కాని మనవారు ఆ సంయుక్తములను చాలవరకు మరల విడిచిరి. మ్రాను మానైనది, క్రొత్త కొత్తయైనది. పోలిషువారు విడువలేదు.

అజంతనియమమును కూల్చినవి రెండు అచ్చులు. మూలస్లావులోని హ్రస్వమైన ఇకార ఉకారములు కాలక్రమమున హ్రస్వతరములై, వినబడీ వినబడనట్లుండెడివి. స్లావు పండితులు వీనిని యెర్‌లందురు. ప్రాచీన స్లావు మతగ్రంథముల లిపిలో వీనికి ప్రత్యేకమైన గుర్తులున్నవి. వీనిలో కొన్ని బలహీనములై లోపించినవి. కొన్ని బలపడి పోలిషులో ఎకారములైనవి. ఏది లోపించును, ఏది నిలుచును అను క్రమమును చెకు పండితుడు అంతొనీన్ హవ్లీక్ 1889లో సూత్రీకరించెను. పదము చివరనుండి వెనుకకు లెక్కించుకొని రావలెను. చివరి యెర్ బలహీనము. దాని ముందరిది బలవంతము. దానికి ముందరిది మరల బలహీనము. నడుమ పూర్ణమైన అచ్చు వచ్చినచో లెక్క మరల మొదలగును.

ఈ సూత్రము నేటి పోలిషు వ్యాకరణమున అడుగడుగున పనిచేయుచున్నది. కుక్కకు పూర్వరూపము పిసు. చివరి ఉకారము లోపించెను, మొదటి ఇకారము ఎకారమైనది: ప్యెస్. షష్ఠిలో పూర్వరూపము పిస. ఇందు చివరిది పూర్ణమైన అచ్చు గాన ఇకారము బలహీనమై పోయినది: ప్స. నిద్రకు సెన్, షష్ఠిలో స్ను. దినమునకు జెఞ్, షష్ఠిలో ద్ఞ. ఇట్లు ఒకే శబ్దమున అచ్చు కనబడుచు మాయమగుచు నుండుట పోలిషు నేర్చుకొనువారికి పెద్ద తలనొప్పి. ఒక్కొక్కచోట సూత్రము మితిమీరిన భేదమును కలిగింపగా భాష దానిని సరిచేసికొనెను. చెప్పులు కుట్టువానికి పూర్వరూపము షివిౘి. సూత్రప్రకారము ప్రథమలో ష్వ్యెౘ్, షష్ఠిలో షెవ్ౘ అని రావలెను. అట్లే వచ్చినది కూడ. కాని తరువాతివారు షష్ఠీరూపమును అనుసరించి ప్రథమను షెవ్ౘ్ అని మార్చుకొనిరి. సాదృశ్యమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము అరుదు.

పొట్టి పదములలో హల్లులెట్లు పేరుకొన్నవో చూపుటకు గడ్డిపరక అను అర్థముగల పదమొకటి చాలును. మూలరూపము స్తిబ్లొ. ఇది స్తి, బ్లొ అను రెండు అజంతాక్షరముల పదము. ఇకారము లోపించెను, లోపించుచు తన తాలవ్యగుణమును ముందరి సకారతకారములకు వదలి పోయెను. స్త అనునది శ్చ అయినది. శ్చ్‌బ్లొ అను ఈ రూపమున శ్వాసములైన శకారచకారములు నాదమైన బకారమునకు ఆనుకొనియుండుటచే తామును నాదములైనవి. తుదకు ఝ్జ్‌బ్వొ. అచ్చు ఒక్కటే, దానికి ముందు నాలుగు హల్లులు. అక్షరము ఒక్కటే. పోలిషులో ఉచ్చారణకు మిక్కిలి కఠినములైన పదములలో ఇదియొకటి. పొడవులో మాత్రము అతిస్వల్పము. పోగొట్టుకొనిన అచ్చులోని తాలవ్యగుణము హల్లులపై నిలిచియుండుట ఇచట గమనింపదగినది.

ఈ పరిణామము ఏ కాలమున జరిగినదో నిర్ణయించుటకు ముఖ్యాధారము 1136లో రెండవ ఇన్నొసెంటు పోపు గ్న్యెఝ్నొ ఆర్చిబిషపునకు ఇచ్చిన శాసనపత్రము. పత్రము లాటిను భాషలోనిది. కాని అందు సుమారు 400 పోలిషు స్థలనామములును వ్యక్తినామములును కలవు. బలహీనములైన యెర్‌లు అప్పటికే చాలవరకు లోపించినవని ఆ పేర్ల వ్రాతవలన తెలియుచున్నది. లాటిను పత్రములలో చెదరియున్న ఇట్టి పదములను ఆధారముగ గొని యాన్ బొదువెన్ ద కుర్తెనె 1870లో, 14వ శతాబ్దికి పూర్వపు పోలిషును గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. సంస్కృత ప్రాకృతశాసనములలోని ఊళ్ల పేర్లనుండి తెలుగు మాటలను ఏరుకొను మన పరిశోధకులకు ఈ పద్ధతి సుపరిచితము.

ఇక పొడవైన పదములు. పోలిషులో సమాసములు లేకపోలేదు గాని పదదైర్ఘ్యము ప్రధానముగ ప్రత్యయములవలననే కలుగుచున్నది. రుద్ అనగా వంశము. దానికి ముందు న చేరి నరుద్, జాతి. దానిపై ఒవి చేరి నరొదొవి, జాతీయమైన. దానిపై ఒశ్చ్ చేరి నరొదొవొశ్చ్, జాతీయత. మరల ఒవి చేరి నరొదొవొశ్చొవి, జాతీయతకు సంబంధించిన. షష్ఠీవిభక్తిలో నరొదొవొశ్చొవెగొ. ఈ మెట్లలో ప్రతి ప్రత్యయమును అచ్చుతోనే ఆరంభమగుచున్నది. ముందరి హల్లు ఆ అచ్చును చేరుకొని క్రొత్త అజంతాక్షరము ఏర్పడుచున్నది. ఒక హల్లు ఒక అచ్చు, ఒక హల్లు ఒక అచ్చు, ఇట్లు పదము సాగును. అనగా మూలస్లావులోని ప్రాచీనమైన అజంతక్రమము పొడవైన పదములలో మరల తలయెత్తుచున్నది.

హల్లుతో ఆరంభమగు ప్రత్యయములు లేవా అని అడుగవచ్చును. కలవు, క, ని మున్నగునవి అట్టివి. కాని ఇవియు మొదట అచ్చుతో ఆరంభమైనవే. క అనునది పూర్వము ఉక. ని అనునది పూర్వము ఇను అను ప్రత్యయమునుండి వచ్చినది. ఆ మొదటి అచ్చులు యెర్‌లగుటచే లోపించినవి. కావున పొడవైన పదములో సంయుక్తము కనబడినచోట చాలవరకు ఒక యెర్ సమాధి కలదని గుర్తింపవచ్చును. గ్రొషొవి, గ్రొషువ్క అను జంటను చూడుడు. గ్రొష్ అనగా పోలండులోని చిన్ననాణెము. ఒవి చేరినపుడు ఒకారము చెక్కుచెదరలేదు. ఉక చేరినపుడు యెర్ లోపించి వకారముతో అక్షరము మూసికొనిపోయెను. అట్లు మూసికొనిన అక్షరములోని ఒకారము దీర్ఘమైనది. 1500 ప్రాంతమున పోలిషులో దీర్ఘహ్రస్వభేదము నశింపగా ఆ దీర్ఘము క్రమముగ ఉకారముగ మారినది. వంశమునకు ప్రథమలో రుద్ అనియు, షష్ఠిలో రొదు అనియు రూపభేదమునకును ఇదియే హేతువు. యాభై గ్రొషుల నాణెమును ప్యెఁచ్‌జెశెఁచొగ్రొషువ్క అందురు. 23 లిపిచిహ్నములు, ఏడు అక్షరములు. ఇది కల్పితము కాదు. చేతిలో చిల్లర లెక్కించువాడు వాడెడి మాట.

సంఖ్యావాచకములలోను యెర్‌ల సూత్రమే కనబడును. నూరునకు పూర్వరూపము సుతొ, నేడు స్తొ. షష్ఠీబహువచనము పూర్వము సుతు, నేడు సెత్. తొమ్మిదివందలకు జెవ్యెఁచ్‌సెత్, అనగా తొమ్మిది నూరుల సంఖ్య. పదునొకటికి యెదెనశ్చె, విడదీసినచో ఒకటి, పై, పది, అనగా పదిపైన ఒకటి. మన పదునొకటిలో పది ముందు, ఒకటి వెనుక. వారికి క్రమము తలక్రిందు. 999 జాతులకు సంబంధించిన అను అర్థమున జెవ్యెఁచ్‌సెత్‌జెవ్యెఁచ్‌జెశెఁచొజెవ్యెఁచొనరొదొవొశ్చొవెగొ అను షష్ఠీరూపమును మిక్కిలి పొడవైన పోలిషు పదములకు ఉదాహరణముగ చూపుట కద్దు. 55 లిపిచిహ్నములు, 18 అక్షరములు. అనునాసికాచ్చులను అచ్చులుగనే లెక్కించినచో హలంతాక్షరములు నాలుగింటికి మించవు. సంఖ్యలకు అంతము లేదు గాన ఇట్టి పదములకును అంతము లేదు. వీనిలో ఏది అన్నిటికంటె పొడవైనదను ప్రశ్న శాస్త్రమునకంటె వినోదమునకే తగినది.

సంఖ్యలు కాక ప్రసిద్ధమైన దీర్ఘపదము కొన్‌స్తన్‌తినొపొలితఞ్‌చికొవ్యనెచ్క. కాన్‌స్టాంటినోపిలు నగరవాసియొక్క ఇంటి చిన్నపిల్ల యని దీనికి అర్థము చెప్పుదురు. 32 లిపిచిహ్నములు, 12 అక్షరములు, అందు ఎనిమిది అజంతములు. వాడుకలో లేని ఈ పదము ఆటకొరకు అల్లినదే. ఐనను అల్లికలోని ప్రతి పోగును నిజమైనదే. తఞ్‌చిక్ అనువరకు నగరవాసి, ఒవ్ సంబంధము, వ్యన్ ఆయా స్థలమునకు చెందినవారిని తెలుపునది, క్రాకూ స్త్రీని క్రకొవ్యన్క యనుటలో ఉన్నదియే. చివరి ఎచ్క అనునది రెండు క ప్రత్యయముల కలయిక. పూర్వరూపము ఉచిక. హవ్లీక్ సూత్రమును దీనికి అన్వయించి చూడుడు: చివర పూర్ణమైన అకారము, దాని ముందరి ఇకారము బలహీనమై లోపించెను, దానికి ముందరి ఉకారము బలపడి ఎకారమైనది. నుచిక అనునది నెచ్క ఐనది. వినోదమునకై కూర్చిన పదమున సైతము వేయేండ్లనాటి ధ్వనిసూత్రము అక్షరాల నిలిచియున్నది. ఇంతే పొడవుగల మరియొక పదము కొన్‌స్తన్‌తినొపొలితఞ్‌చిక్యెవిచువ్న; ఇది ఇంటిపేరు. ఎవిచ్ అనునది వంశసూచకము. ఉవ్న అనునది అవివాహితయైన కూతురిని తెలుపును. భార్యయైనచో ఒవ చేరవలెను. ఈ రెండు ప్రత్యయములును 20వ శతాబ్దిలో పేర్లనుండి చాలవరకు తొలగిపోయినవి.

పదమధ్యమున ఏ హల్లుల గుంపులు రాగలవు అను విషయమును యెఝి కురివొవిచ్ 1948లో అక్షరసిద్ధాంతమును గూర్చియు, 1952లో పోలిషు హల్లుల గుంపులను గూర్చియు ప్రకటించిన వ్యాసములలో చర్చించెను. పదమధ్యమునందలి గుంపు ఒక పదాంతమును, ఒక పదాదియు కలిసినదియే యని ఆయన మతము. పదాదిని కఠినమైన గుంపులు ఎన్నియైనను రాగల భాషలో పదమధ్యమున అంతకంటె కఠినమైనవి వచ్చుటకు వీలున్నది. ఐనను ప్రత్యయములచే పెరిగిన పదములలో అవి తరచుగ రాకపోవుటకు పైన చెప్పిన అజాదిప్రత్యయములే కారణమని మా అభిప్రాయము. కఠినమైన గుంపులు ఎక్కువగ ఉపసర్గలకును ధాతువునకును నడుమ, పదము మొదటనే ఏర్పడుచున్నవి.

ఊనిక విషయము క్లుప్తముగ. నేటి పోలిషులో ఊనిక చివరినుండి రెండవ అక్షరముపై నుండును. పూర్వము అది మొదటి అక్షరముపై నుండెడిదని పండితులు ఊహించుచున్నారు. దక్షిణమున పొద్‌హలె కొండప్రాంతపు మాండలికమున నేటికిని అట్లే కలదు. ప్రత్యయము చేరిన కొలది ఊనిక కుడివైపునకు జరుగును: నరొదొవిలో దొపై, నరొదొవొశ్చొవిలో శ్చొపై, నరొదొవొశ్చొవెగొలో వెపై. పొడవైన పదములలో మొదటి అక్షరముపైన కూడ కొంత ఊనిక నిలుచును. ఛందస్సున మాత్రము లెక్క అక్షరములదే. యాన్ కొహనొవ్స్కి 16వ శతాబ్దిలో స్థిరపరచిన 13 అక్షరముల పాదమునకు ఏడవ అక్షరముపై విరామము. ఆదం మిౘ్క్యెవిచ్ 1834లో ప్రకటించిన పాన్ తదెఉష్ కావ్యమునకును ఈ పాదమే. గురులఘువుల నియమము లేదు. దీర్ఘహ్రస్వభేదము నశించిన భాషలో ఉండుటకు వీలులేదు. పై 12 అక్షరముల పదము ఆ పాదమున ఇముడజాలదు. ఎచ్చట నుంచినను విరామము పదమధ్యమున పడును.

దీర్ఘపదములలో నిజముగ విలువైనవి వినోదపదములు కావు, శాస్త్రపదములు. 1773లో పోలండు జాతీయవిద్యాసంఘము ఏర్పడినపుడు బడులలో లాటినుకు బదులు పోలిషులో బోధించుటకు పుస్తకములు కావలసివచ్చెను. 1778లో ఒనుఫ్రి కొప్చిఞ్స్కి జాతీయపాఠశాలలకై వ్యాకరణమును ప్రకటింప నారంభించి, వ్యాకరణపరిభాషను పోలిషు పదములతో కల్పించెను. 1800లో యెఁద్ఝెయ్ శ్న్యదెౘ్కి రసాయనశాస్త్రమును పోలిషులో వ్రాసెను. ఈ రెండింటి నడుమ, 1795లో, పోలండు రాజ్యమే భూపటమునుండి అదృశ్యమైనది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు దానిని పంచుకొన్నవి. 1918వరకు ఆ స్థితియే. ఆ కాలముననే, 1807–1814 మధ్య, సముయెల్ బొగుమీల్ లిందె ఆరు సంపుటముల నిఘంటువును వార్సాలో ప్రకటించెను. రాజ్యము లేని కాలమున భాషకు పదములను కూర్చినది పైన వివరించిన ప్రత్యయములే. స్వాతంత్ర్యమునకు న్యెపొద్లెగ్వొశ్చ్ అను పదము: న్యె నిషేధము, పొద్ క్రింద, లెగ్ పడియుండుట, చివర ఒశ్చ్. ఒకరి క్రింద పడియుండకపోవుట అని అవయవార్థము.

గణితమునుండి ఒక ఉదాహరణము. రుఝ్ని అనగా వేరైన. దానినుండి రుఝ్నిౘ, భేదము. దానికి అల్పార్థక ప్రత్యయము చేరి రుఝ్నిచ్క, చిన్నభేదము. కలనశాస్త్రమున అత్యల్పభేదమునకు ఇదియే పేరు. ఇంటిలో పిల్లలను ముద్దుగ పిలుచుటకు వాడెడి క ప్రత్యయము గణితశాస్త్రమునకు పనికివచ్చినది. దానినుండి రుఝ్నిచ్కొవచ్, అవకలనము చేయుట. దానినుండి రుఝ్నిచ్కొవల్ని, అవకలనమునకు యోగ్యమైన. చివరకు రుఝ్నిచ్కొవల్నొశ్చ్. అక్షరములు ఐదు; మూలధాతువునుండి చివరివరకు ప్రతి మెట్టును భాషలోనిదే, బడిపిల్లవాడు విప్పి చూడగలిగినదే. సమాకలనమునకు పేరు ౘవ్క. ౘవి అనగా సంపూర్ణమైనది.

మన గణితగ్రంథములలో ఇదే భావమునకు అవకలనీయత అని వాడుక. పదము నిర్దుష్టము. అవ, కలన, ఈయ, తా అను ఖండములన్నియు సంస్కృతమునుండి వచ్చినవి. సంస్కృతపరిచయము లేని విద్యార్థికి ఇది విడదీయరాని ఒక్క ముద్దగనే తోచును. తెలుగున తనము, అరి, ఇకము మున్నగు ప్రత్యయములు లేకపోలేదు. మంచితనము, పెద్దరికము అనుచోట అవి చక్కగ పనిచేయుచున్నవి. తనము అనునది ఒశ్చ్‌తో సమానార్థకము. కాని శాస్త్రపరిభాషాకర్తలు దానిని అరుదుగ మాత్రమే వాడిరి. ఒక ప్రత్యయముపై మరియొక ప్రత్యయము, దానిపై వేరొకటి చేరుటకు తెలుగు ప్రత్యయము లెంతవరకు ఒప్పుకొనును అను ప్రశ్నకు నిఘంటువులనుండియు మాండలికములనుండియు సామగ్రిని సేకరించి చూడవలసియున్నది. పరిశోధకవిద్యార్థు లెవరైనను తనము అను ఒక్క ప్రత్యయముతో ఈ పని ప్రారంభింపవచ్చును.